నైవేద్యం పెట్టిన ఆనకట్ట

రేపల్లె పాసింజరులో కళ్ళు తెరుచుకుని నిద్రపోవడం నాకు బాగా చేతనైన విద్య. అరవైల చివరి సంవత్సరాలవి. తెనాలిలో ఒక కాలేజీలో లెక్కల ట్యూటరుగా పనిచేసేదాన్ని. ఎవరో పెద్దాయన దీర్ఘకాలం సెలవు పెడితే ఆ ఖాళీలో నన్ను కూర్చోబెట్టారు. ఆయన వస్తే నేను లేవాలి. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి చేరేదాన్ని. సాయంత్రం మళ్ళీ అదే రైలు, వీలైతే అదే కిటికీ. బొగ్గు నుసి కళ్ళలో పడుతుంది, తల లోపల పెట్టుకోవే అని అమ్మ రోజూ చెప్పి పంపేది. నేను రోజూ తల బయటే పెట్టేదాన్ని. నీళ్ళు పెట్టిన మళ్ళలో ఆకాశం, ఆ ఆకాశంలో నడిచే కొంగలు, మినప చేల మీద వణికే ఎండ. చూస్తూ చూస్తూ ఉంటే ఎక్కడ ఊళ్ళు అయిపోయి ఎక్కడ కల మొదలైందో తెలిసేది కాదు. తెనాలిలో బండంతా ఖాళీ అయ్యాక ఊడ్చేవాళ్ళు వచ్చి లేపిన రోజులు కూడా ఉన్నాయి.

నా కలల్లో మనుషుల కంటే అంకెలే ఎక్కువ. కాలేజీ లైబ్రరీలో అడుగు అరలో అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. గట్టి వస్తువులు బరువును ఎలా మోస్తాయి, మోసే బరువు వాటి లోపల ఎటు పాకుతుంది, ఎక్కడ గుమిగూడి వస్తువును విరగ్గొడుతుంది అని చెప్పే శాస్త్రం. అప్పటిదాకా నేను చదివిన లెక్కలకు ఒళ్ళు లేదు. వీటికి ఒళ్ళుంది. గోడకు, దూలానికి, రైలు పట్టాకు కూడా లోపల ఏదో జరుగుతూ ఉంటుందని, అది కంటికి కనిపించకపోయినా కాగితం మీద పట్టుకోవచ్చని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

పట్టుకునే పద్ధతి కూడా ఆ పుస్తకంలోనే ఉంది. పెద్ద కాగితం మీద గళ్ళు గీసి, గీతలు కలిసే ప్రతి చోటా ఒక అంకె ఊహించి వేయాలి. ప్రతి అంకె తన చుట్టూ ఉన్న అంకెలతో సర్దుకోవాలి. ఒకదాన్ని సర్దితే పక్కది అలుగుతుంది. దాన్ని బుజ్జగిస్తే ఇంకోటి. రబ్బరుతో చెరిపి, మళ్ళీ రాసి, అందరూ కుదురుగా కూర్చునే దాకా ఓపిక పట్టాలి. దీన్ని ఇప్పుడు కంప్యూటరు చిటికెలో చేస్తుంది. అప్పుడు చేసే యంత్రం నేనే. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం, చీర కుచ్చిళ్ళ నిండా రబ్బరు పొట్టు. టికెట్ కలెక్టరు రోజూ ఒకసారి తొంగి చూసి, "ఏంటమ్మా, ముగ్గు ఇవాళైనా కుదిరిందా?" అని పోయేవాడు. కుదర్లేదండి అనేదాన్ని.

నేను లెక్క వేసింది ఒక ఆనకట్టకు. కాలవ నీళ్ళు తాగి పెరిగినదాన్ని, ఇంకేం గుర్తొస్తుంది? ఎగువ వైపు నిట్టనిలువు గోడ, దిగువ వైపు వాలు. నీటి సంగతి తర్వాత, ముందు తన బరువు తానే ఎలా మోసుకుంటుందో చూద్దామనుకున్నాను. ఒక వర్షాకాలం, ఒక చలికాలం గడిచేసరికి కాగితం మీద అంకెలన్నీ సర్దుకున్నాయి. ఎగువ గోడ అడుగున, నేలను తాకే మూల దగ్గర మాత్రం పెద్ద అంకెలు పోగయ్యాయి. అక్కడ ఎంత సర్దినా ఏదో వెలితిగానే ఉండేది. నిద్రలో కూడా ఆ మూలకే వెళ్ళి నిలబడేదాన్ని.

ఇంట్లో సంగతి వేరు. మా నాన్నగారు హైస్కూల్లో సంస్కృతం చెప్పేవారు. ఆ వేసవితో ఆయన ఉద్యోగం అయిపోతుంది. నేను పెద్దదాన్ని, నా తర్వాత ఇంకా చదువుకునేవాళ్ళున్నారు. సరిగ్గా అప్పుడే బాపట్లలో ఆడపిల్లల బడి నుంచి నాకు ఉత్తర్వు వచ్చింది. లెక్కల టీచరు, పర్మనెంటు. అమ్మ ఆ కాగితాన్ని దేవుడి దగ్గర పెట్టి తీసి సంచిలో దాచుకుంది. ఊహలో అప్పటికే బాపట్లలో ఇల్లు అద్దెకు తీసుకుంది. గుడికి దగ్గర, వెనక కాస్త పెరడు, సాయంత్రమైతే సముద్రపు గాలి. కలలు కనడం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఆవిడ కలలో నేను బడి గంట కొట్టగానే ఇంటికొస్తాను. నా కలలో అసలు ఇంటికి వచ్చే దారే కనబడేది కాదు.

నాన్నగారికి చిన్నప్పటి స్నేహితుడు ఒకాయన ఉండేవారు. ఇద్దరూ బాపట్లలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారట. ఆయన ఉత్తరాదిన ఒక పెద్ద సంస్థలో ప్రొఫెసరు. నా అట్ట ఊడిన పుస్తకంలో ఉన్న శాస్త్రమే ఆయన పని. ఏటా వేసవిలో బాపట్లలో అక్కగారింటికి వచ్చి మామిడిపళ్ళు తిని పోయేవారు. ఆ ఏడు నాన్నగారు నన్ను ఆయన దగ్గరకు తీసుకెళ్ళారు. అమ్మకు ఇష్టం లేదు. చూపించి రావడంలో తప్పేముందిలే అని నాన్నగారే సర్ది చెప్పారు.

సార్ నా కాగితాన్ని నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశారు. ఎక్కడా తప్పు పట్టలేదు. చివరికి లేచి పంచె దులుపుకుంటూ, "లెక్క బాగుందమ్మాయ్. కానీ కాగితం మీద ఆనకట్ట ఎప్పుడూ కూలదు" అన్నారు. తన దగ్గర పరిశోధన చేయడానికి ఒక్క చోటు ఖాళీగా ఉందనీ, లెక్కలు వేసేవాళ్ళు చాలామంది అడుగుతున్నారనీ, తనకు మాత్రం లెక్క వేసింది చేసి చూపించేవాళ్ళు కావాలనీ చెప్పారు. లోపలి గదిలోంచి గుడ్డలో చుట్టిన రెండు పలకలు తెచ్చారు. నల్ల కళ్ళద్దాల రంగులో ఉన్నాయి. రెంటినీ ఒకదాని వెనక ఒకటి పట్టి తిప్పితే కిటికీ వెలుగు ఆరిపోయింది. ఆ చీకటి మధ్యలో ఒక పారదర్శకమైన ముక్క పెట్టి వేలితో నొక్కారు. వేలి కింద రంగులు పుట్టాయి. పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, వంపులు వంపులుగా విచ్చుకుంటూ వెళ్ళాయి. వేలు తీస్తే పోయాయి.

ఏడాదిగా నేను రబ్బరుతో చెరిపి చెరిపి వెతికింది అదే. బరువు నడిచే దారి, రంగుల్లో. ఆ క్షణాన నాకు వేరే ఉద్యోగం వద్దు, వేరే బతుకు వద్దు అనిపించింది. అనిపించడమేంటి, నిశ్చయమైపోయింది.

"జిలాటిన్‌తో ఆనకట్ట పోత పొయ్యి. పడుకోబెట్టి పొయ్యి. గట్టిపడ్డాక నిలబెట్టు. దాని బరువు దానికే రంగులు చూపిస్తుంది. నీ కాగితంతో పోల్చుకుందాం. రోహిణి కార్తె వెళ్ళేదాకా ఇక్కడే ఉంటాను" అని పలకలు నా చేతికిచ్చారు.

కాచి చల్లారిస్తే జెల్లీలా పేరుకునే ఆ జిలాటిన్ పొడి తెనాలిలో ఫొటోలు తీసే దుకాణంలో దొరికింది. రేపల్లెలో మా ముందు గదిలో, రెండు గాజు పలకల మధ్య పోత పోశాను. పొద్దున కాస్త గట్టిపడినట్టే ఉండి, ఎండెక్కేసరికి ఆనకట్ట కాస్తా నీళ్ళయి గుమ్మం దాకా పారింది. మా రోహిణి ఎండలకు మనుషులే కరిగిపోతారు, ఆ జిలాటిన్ ఎంత? చల్లగా ఉంచితే నిలుస్తుందని తోచింది. ఐసు ఎక్కడ? రైలు దిగి వస్తుంటే స్టేషన్ బయట నిజాంపట్నం వైపు నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఊక కప్పిన ఐసు గడ్డ పక్కన కూర్చుని ఉంది. అడిగితే ఎగాదిగా చూసింది. "మీరు చేపలు తినరు గదమ్మా, ఐసేం జేసుకుంటారు?" అంది. ఆనకట్ట కడతానన్నాను. ఎండ దెబ్బ తగిలిందనుకుందేమో, జాలిపడి పెద్ద ముక్కే పగలగొట్టి ఇచ్చింది.

ఐసు ఉన్నంతసేపూ ఆనకట్ట ఉంది. తర్వాత రెండూ పోయి చేపల వాసన మిగిలింది. అమ్మ ముక్కు మూసుకుని వచ్చి నిలబడింది. సరిగ్గా ఆ సమయానికే నాన్నగారు, అబద్ధం ఆడటం చేతకాని మనిషి, జిలాటిన్ ఎముకల్లోంచి తీస్తారే అని తాను ఎక్కడో చదివిన సంగతి బయటపెట్టారు.

"ఏం ఎముకలండీ?" అంది అమ్మ.

నాన్నగారు చెప్పలేదు. చెప్పకపోవడమే చెప్పినట్టయింది. జిలాటిన్ కాచిన గిన్నె పెరటి గోడ అవతలికి వెళ్ళింది. వంటిల్లు పసుపునీళ్ళతో కడిగింది. మిగిలిన పొట్లం కాలవలో కలిసింది. "ఈ ఇంటి పొయ్యి మీద ఉడికేది ఏదైనా మనం నోట్లో పెట్టుకోగలిగిందై ఉండాలి. అంతే" అని తేల్చేసింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఏడ్చాను కూడా. ఒక గిన్నె కోసం నా బతుకు గోడ అవతలికి విసిరేసిందని వాకిట్లో నిలబడి అరిచాను. ఆవిడ మడి చీర పిండి దండెం మీద ఆరేసుకుంది.

నోట్లో పెట్టుకోగలిగి, గట్టిపడేది ఆ రోజుల్లో ఒక్కటే, చైనా గడ్డి. తెనాలి కొట్లలో పీచులు పీచులుగా కట్టలు కట్టి అమ్మేవారు. నీళ్ళలో కాచి చల్లారిస్తే బిళ్ళలా పేరుకుంటుంది. పెళ్ళిళ్ళలో దాంతో హల్వా చేసేవారు. ఇదీ సముద్రంలోదేనని నాన్నగారు మళ్ళీ నోరు విప్పబోయారు. "నాచే కదా, చేప కాదుగా" అని అమ్మ అడ్డుపడింది. ఇష్టం లేకుండానే తెచ్చాను, వేరే గతి లేక. అయితే అది కరగలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టినా చెక్కుచెదరకుండా కూర్చుంది. సంతోషం పట్టలేకపోయాను. తీరా నిలబెట్టి సార్ ఇచ్చిన నల్ల పలకల మధ్య చూస్తే అంతా మసక. మజ్జిగ తేటలోంచి చూస్తున్నట్టు ఉంది. రంగులు ఉన్నాయో లేవో తెలియదు. ఎన్నిసార్లు వడకట్టి పోసినా అంతే.

రోహిణి కార్తె ఆఖరుకొచ్చింది. సార్ మర్నాడు వెళ్ళిపోతున్నారని కబురొచ్చింది. బడి వాళ్ళకు జవాబు చెప్పాల్సింది కూడా ఆ మర్నాడే. అమ్మా నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. ఇద్దరం కలిసి బాపట్ల వెళ్ళాలి. సార్ చోటు ఇస్తానంటే సరే, ఆలోచించాలి. ఇవ్వనంటే ఇంక మాట్లాడకుండా అట్నుంచి అటే బడికి వెళ్ళి చేరతానని సంతకం పెట్టి రావాలి. ఇస్తానన్నా ఆలోచించేది అమ్మేనని ఇద్దరికీ తెలుసు.

మిగిలిన చైనా గడ్డి అంతా కాచాను. గిన్నె కలుపుతూ ఉండమని అమ్మకు అప్పగించి, ముందు గదిలో గాజు పలకలకు కొబ్బరినూనె పూసి సిద్ధం చేసుకున్నాను. అమ్మ గుడ్డతో పట్టి గిన్నె తెచ్చింది. పోశాను. గట్టిపడింది. ఆ తర్వాత నేను తల దువ్వుకుని వచ్చేసరికి, పడుకోబెట్టిన ఆనకట్ట దేవుడి గూటి ముందు ఉంది. మీద తులసి దళం. అమ్మ కళ్ళు మూసుకుని గంట వాయిస్తోంది.

"అమ్మా! ఏంటిది?"

"పొయ్యి మీద దిగింది ఏదైనా దేవుడికి చూపించకుండా గడప దాటిందా ఎప్పుడైనా?" అంది కళ్ళు తెరవకుండానే.

తులసి దళంతో పోయేదైతే బాగానే ఉండును. "పంచదార సరిపోయిందో లేదో, రుచి చూడకూడదు గదా" అని తనలో తాను అనుకుంది. పంచదారేంటని అడిగితే, "చప్పిడిది దేవుడికి ఎలా పెడతానే? డబ్బాలో ఉన్నదంతా పోశాను" అంది, నన్నే వింతగా చూస్తూ. మళ్ళీ పోయడానికి చైనా గడ్డి లేదు. రైలుకు టైమయింది.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. పడుకోబెట్టినంత సేపూ ఆనకట్ట మీద ఏ బరువూ ఉండదు కనుక అడ్డంగానే తీసుకెళ్ళాలి. అమ్మ దాన్ని తడి గుడ్డ కప్పి ఒళ్ళో పెట్టుకుంది. ప్రసాదం కదా, ఇంకెవర్నీ ముట్టనివ్వదు, నన్ను కూడా. పసిబిడ్డను కాళ్ళ మీద వేసుకున్నట్టు, రైలు కుదిపినప్పుడల్లా మోకాళ్ళు పైకెత్తి సర్దుకుంటోంది. ఎదురుగా ఉన్నావిడ ఏంటమ్మా అది అని అడిగితే, "ఆనకట్ట. దేవుడి ప్రసాదం" అంది. ఆవిడ దూరం నుంచే దండం పెట్టుకుంది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పంచదార వల్ల బరువు పెరిగి ఉంటుంది. పెరిగితే అంతటా ఒకేలా పెరుగుతుంది. అంటే రంగులు ఎన్ని వస్తాయో మారుతుంది, వాటి వంపులు మారవు. వేమూరు వెళ్ళేసరికి ఇది తేలింది. మసక సంగతి మాత్రం తేలలేదు. తెనాలిలో బండి మారాం. తర్వాత కళ్ళు మూతపడ్డాయి. కలలో పొలాలన్నీ గళ్ళ కాగితాలే. గళ్ళ మధ్య కాలవలు, కాలవల్లో అంకెలు నీళ్ళలా సర్దుకుంటూ పోతున్నాయి. ఎవరో భుజం తట్టారు. "బాపట్ల వచ్చిందే, లే" అంటోంది అమ్మ. ఆవిడ నుదుటి మీద చెమట ధార కట్టి ఉంది. రెండు చేతులూ ఆనకట్ట మీదే ఉండటం వల్ల తుడుచుకోలేదు.

సార్ అక్కగారింట్లో ముందు గదికి పడమటి కిటికీ ఉంది. సాయంత్రపు వెలుగు నేరుగా పడుతోంది. నేను తెచ్చిన నల్ల పలకలను సార్ ఒకటి వెనక, ఒకటి ముందు నిలబెట్టారు. మిగతా గది చల్లగా, నీడగా ఉంది. నేను గుడ్డ తీసి, ఆనకట్టను రెండు చేతులా పట్టుకుని మెల్లగా నిలబెట్టాను.

ముందు ఏమీ లేదు. తర్వాత అడుగు నుంచి లేత పసుపు మొదలైంది. పసుపు ఎర్రబడి, ఎరుపు నీలమై, నీలం ఆకుపచ్చలోకి జారి, ఒక పట్టె మీద ఇంకో పట్టెగా వాలు వెంట పైకి పాకింది. మసక లేనే లేదు. పంచదార కలిసిన జెల్లీ ఏటి నీరంత తేటగా ఉంది. కొన్ని జెల్లీలు పంచదార కలిస్తే తేటపడతాయని తర్వాత ఎప్పుడో చదివాను. అప్పుడు మాత్రం ఊపిరి తీసుకోవడానికి కూడా భయపడుతూ నిలబడ్డాను. గోడ మీద, సార్ తెల్ల జుట్టు మీద, అమ్మ చీర మీద మామూలు వెలుగే, రంగులన్నీ ఆ పలకలోనే. అంత అందమైనది నా చేతులతో నేను మళ్ళీ ఎప్పుడూ నిలబెట్టలేదు.

అమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. పలక ముందు తల వంచి చూసింది. పలక పక్కనుంచి చూసింది. పక్కనుంచి చూస్తే ఉత్త జెల్లీ. మళ్ళీ పలకలోంచి చూసింది. "పడుకున్నప్పుడు లేవుగా ఇవి" అంది నెమ్మదిగా.

"నిలబడింది గదా చెల్లెమ్మా, అందుకు" అన్నారు సార్.

తర్వాత ఆయన నా కాగితం తెరిచి పక్కన పెట్టుకున్నారు. రంగు పట్టెలు ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ నా అంకెలతో పోల్చారు. వాలు దగ్గర సరిపోయింది. నడుమ సరిపోయింది. పైన సరిపోయింది. చివరికి ఎగువ గోడ అడుగు మూలకు వచ్చారు. అక్కడ రంగులు ఒకదాని మీద ఒకటి పడి, సన్నటి దారాల్లా చిక్కుపడి, విడదీసి లెక్కపెట్టలేనంతగా ఉన్నాయి. నా కాగితం మీద అక్కడ ఉన్న అంకె వాటి ముందు ఎందుకూ చాలదు.

"ఇక్కడ రెండూ కలవట్లేదు. ఏది తప్పు? నీ లెక్కా, నీ ఆనకట్టా?"

అమ్మ సంచిలో ఉన్న బడి కాగితం నాకు కనిపిస్తున్నట్టే ఉంది. జెల్లీదే తప్పనొచ్చు, పంచదార పడిందని చెప్పొచ్చు. కానీ రైల్లో ఆలోచించినంత వరకు పంచదార వల్ల అలా కాదు. "తెలియదండి" అన్నాను. "ఆ మూల నాకు మొదట్నుంచీ తెలియట్లేదు సార్. అక్కడ గళ్ళు ఇంకా సన్నగా గీయాలేమో. గీసినా తేలుతుందో లేదో తెలియదు." అంతా అయిపోయిందనుకున్నాను.

సార్ పెద్దగా నవ్వారు. "సరిపోయిన చోట నీకు నాకు పనేముందమ్మాయ్? పనంతా ఆ మూల్లోనే. చోటు నీదే, వస్తే."

వస్తే అన్నది ఆయన అమ్మ వైపు తిరిగి. అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని సూటిగా అడిగింది.

"దీనికి ఉద్యోగం ఎవరిస్తారండి అన్నయ్యగారూ?"

"నిజం చెప్పాలంటే ఇప్పటికి ఇచ్చేవాళ్ళు తక్కువే. కానీ దేశంలో ఆనకట్టలు కడుతున్నారు, వంతెనలు కడుతున్నారు, విమానాలు మనమే చేసుకుందామంటున్నారు. ఇవన్నీ ఎక్కడ విరుగుతాయో ముందే చెప్పేవాళ్ళు కావాలి. కొందరు లెక్కేసి చెప్తారు. కొందరు చేసి చూసి చెప్తారు. రెండూ చేసేవాళ్ళే దొరకట్లేదు."

"విరిగాక చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు లెండి" అంది అమ్మ. తర్వాత, "ఆడపిల్లలున్నారా అక్కడ?"

"లేరు. ఈ అమ్మాయి వస్తే ఉంటుంది."

అమ్మ కిటికీ వైపు తిరిగి ఆ రంగులనే చూస్తూ నిలబడింది. ఆవిడ మనసులో బాపట్ల ఇల్లు, పెరడు, సముద్రపు గాలి తిరుగుతున్నాయని నాకు తెలుసు. వద్దంటే నేను ఎదురు చెప్పలేనని కూడా తెలుసు. చెప్పేదాన్ని కాదు.

ఆ మూల సంగతి చెప్తాను. డెబ్బైలలో మా సంస్థకు కంప్యూటరు వచ్చింది. ఒక గదంతా అదే. మనుషులకు లేని చల్లటి గాలి దానికి పెట్టారు. కార్డులకు చిల్లులు పొడిచి, కట్ట కట్టి కిటికీలో ఇస్తే మర్నాడు జవాబు వచ్చేది. ఒక్క చిల్లు తప్పుపడితే మర్నాడు తిట్టు వచ్చేది. నేను అందులో పెట్టిన మొదటి లెక్క ఆ మూలదే. నా గళ్ళ కంటే ఎంతో సన్నటి ముక్కలుగా కోసి లెక్కించింది. ముక్కలు సన్నబడినకొద్దీ ఆ మూల అంకె పెరుగుతూనే పోయింది, ఎక్కడా ఆగలేదు. పదునైన మూల ఉన్న ప్రతి చోటా అంతేనని, పగుళ్ళు పుట్టేది అక్కడేనని, నిజం వస్తువు ఆ అంకెను ఎలా తట్టుకుంటుందన్నదే అసలు ప్రశ్న అని నెమ్మదిగా తెలిసింది. రైలు ఇరుసులు, వంతెన అతుకులు, బాయిలర్ రేకులు, నా దగ్గరికి వచ్చినవన్నీ ఏదో ఒక మూల దగ్గర విరిగినవే. జీవితమంతా అలాంటి మూలల చుట్టూనే తిరిగాను. హాయిగా తిరిగాను.

ఇదంతా తర్వాతి మాట. బాపట్లలో ఆ సాయంత్రం నాకు ఇవేవీ తెలియవు. వెలుగు కిటికీలోంచి కిందికి దిగిపోతోంది. రంగులు ఒక్కొక్కటే సన్నగిల్లుతున్నాయి. అమ్మ ఉన్నట్టుండి కొంగు బొడ్లో దోపి, "అక్కయ్యగారూ, ఒక చాకు ఇప్పించండి. ప్రసాదం అలా వదిలేయకూడదు" అంది లోపలికి వినిపించేలా.

నేను కెవ్వుమన్నాను. సార్ చెయ్యెత్తి నన్ను ఆపారు. అమ్మ గాజు పలకలు విడదీయించి, ఆనకట్టను ఆకు మీద పడుకోబెట్టింది. పైనుంచి మొదలుపెట్టి ముక్కలు కోసింది. శిఖరం సార్ అక్కగారికి. వాలంతా సార్‌కి. ఆయన కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, "ఇంత తియ్యటి ఆనకట్ట ఎక్కడా చూడలేదు చెల్లెమ్మా" అన్నారు. నడుమ ముక్క నాకు. ఏడాది లెక్క నా నాలుక మీద కరిగింది. పంచదార కొంచెం ఎక్కువే అయింది.

చివరికి ఆకు మీద ఆ మూల ముక్క మిగిలింది. సార్ చెయ్యి చాపారు.

"అది వద్దండి అన్నయ్యగారూ" అంది అమ్మ, ఆకును తన వైపు లాక్కుంటూ. "దాని లెక్క ఇంకా తేలలేదన్నారుగా. అది మా అమ్మాయి తేల్చుకోవాలి."

ఆ ముక్కను ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను. నన్ను ఓదార్చకుండా అమ్మ చాకు కడగడానికి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు కడిగింది. తిరిగి వచ్చి సంచి భుజాన తగిలించుకుని, తెనాలి బండి ఎన్నింటికని సార్‌ని అడిగింది. బడి ఎటు వైపని ఆ రోజు ఎవరినీ అడగలేదు.